చీటీ ఇచ్చిన దినమున పోవలెనా?



“పట్టణములో డబ్బిచ్చి క్షయకు మందు తినుచున్నాను, రెండు నెలలకే దగ్గు పోయినది. ఇక సర్కారు ఆసుపత్రిలో గళ్ల పరీక్ష యెందుకు?” అని ఒక రైతు చీటీ చూపి మమ్ము అడిగెను.

దగ్గు ముందే పోవును, క్రిములు మిగిలియుండును. సామాన్యముగా ఆరు నెలలు మందు వాడవలెను. నడుమ మానినచో వ్యాధి మరల తిరుగబెట్టును. అప్పుడది మందులకు లొంగకపోవచ్చును. ఇంట పసిబిడ్డలున్నారు గదా!

తన వైద్యుడు కోపించునేమోయని అతని బెంగ. కోపమేల? క్షయరోగుల వివరములు ప్రభుత్వమునకు తెలుపుట 2012 నుండి ప్రైవేటు వైద్యులకును విధియే. సర్కారు మందులు ఉచితము. పాత చీటీలు, ఎక్స్‌రే వెంట తీసికొనిపొమ్మంటిమి.

ఒకనాటి కూలి పోవుననెను. అది నిజమే. శుక్రవారము మేమును తోడు వత్తుమంటిమి.