ఏ అంకెను ముద్రించాలి?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్మికుల ఆహారం, ఆరోగ్యం గురించి సమాఖ్య పక్షాన ఒక చిన్న పుస్తకం వెలువరించడానికి మేము పూనుకున్నాము. పోషకాహార గ్రంథాలను, వేతన సంఘాల నివేదికలను పరిశీలిస్తున్న కొద్దీ ఒకే ప్రశ్న మమ్మల్ని వేధిస్తున్నది. శ్రమజీవికి దినమునకు ఎన్ని కేలరీలు అవసరమని వ్రాయాలి? ఈ సందేహం వేతన చర్చల బల్ల వద్ద మీకూ ఎదురయ్యేదే కనుక, దానిని మీ ముందుంచుతున్నాము.

1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు అవసరాల ప్రాతిపదికపై కనీస వేతనాన్ని లెక్కించే సూత్రాలను ఆమోదించింది. ఆహారం విషయంలో డాక్టర్ ఏక్రాయిడ్ సిఫార్సును ప్రమాణంగా తీసుకున్నది. మధ్యస్థమైన శ్రమ చేసే వయోజనునికి 2,700 కేలరీలు, కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు అన్న లెక్క అలా స్థిరపడింది. 2019లో కేంద్ర కార్మిక శాఖ నియమించిన నిపుణుల సంఘం 2,400 కేలరీలు చాలునన్నది.

ఇది కోత అని వెంటనే ఖండించవచ్చును. కాని అదే సంఘం కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా లెక్కించింది. పాత లెక్కన కుటుంబానికి 8,100 కేలరీలు; కొత్త లెక్కన 8,640. అంతేకాక, రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు ఉండాలని కూడా ఆ సంఘం పేర్కొన్నది. కేవలం అన్నంతో కేలరీలు నింపి, పప్పు, పాలు, కూరగాయలను మరచిపోరాదు గదా! కనుక ఒక్క అంకెను పట్టుకొని ఏది మేలో తేల్చలేము.

ఇక రెండవ సందేహం మరింత లోతైనది. ఏక్రాయిడ్ కూనూరులో నడిపిన పరిశోధనాలయమే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. 2020 నాటి ఆ సంస్థ ప్రమాణాల ప్రకారం కూర్చుండి పనిచేసే పురుషునికి 2,110, మధ్యస్థ శ్రమకు 2,710, కఠిన శ్రమకు 3,470 కేలరీలు కావాలి. కఠిన శ్రమ చేసే స్త్రీకి 2,720 కావాలి. అయితే వేతన లెక్కలలో భార్యను 0.8 యూనిట్‌గా పరిగణించడం ఆనవాయితీ. అనగా 2,160 కేలరీలు మాత్రమే. ఇటుక బట్టీలో తట్ట మోసే సోదరికి విజ్ఞానశాస్త్రం పూర్తి యూనిట్ కంటె ఎక్కువ కావాలంటుంటే, వేతన సూత్రం అయిదింట ఒక వంతు కోసివేస్తున్నది. గర్భిణికి అదనంగా మరో 350 కేలరీలు కావాలి. ఆ ఊసే ఆ లెక్కలో లేదు.

అందువలన మేమొక నిర్ణయానికి వచ్చాము. పుస్తకంలో ఒంటరి అంకె ఉండదు. ప్రతి అంకె ప్రక్కన అది ఏ పనికి, ఎవరి శరీరానికి వర్తిస్తుందో వ్రాస్తాము. శాస్త్రజ్ఞుల మధ్య భేదాభిప్రాయం ఉన్నచోట ఉన్నదనే చెబుతాము. శాస్త్రంలో సందేహం సహజం. అయితే ఆ సందేహపు భారాన్ని కార్మికుని కంచం మీద మోపడాన్ని మాత్రం అంగీకరించము.

మీ వంతు కర్తవ్యం ఒకటున్నది. ప్రతి శాఖలోనూ సభ్యులు ఎత్తే బరువు, నిలబడే గంటలు, తినే తిండి నమోదు చేయండి. స్త్రీల వివరాలను వేరుగా వ్రాయండి. యాజమాన్యం సగటు అంకెను చూపినప్పుడు, “ఎవరి సగటు? ఏ పనికి?” అని అడగడానికి మన చేతిలో ఆధారం ఉండాలి.