వేషం విప్పి కలం పట్టిన మనిషి
(కామారెడ్డిలో చేసిన మిక్కిలినేని స్మారకోపన్యాసం)

నటుడు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి పేరు మీద కామారెడ్డిలో ఉపన్యాసమేమిటని ఇందాక బస్టాండు దగ్గర ఒక మిత్రుడు అడిగిండు. ఆయనది గుంటూరు జిల్లా లింగాయపాలెం కదా, మనకేం సంబంధం అన్నడు. సంబంధం ఉంది, ఎల్లారెడ్డి దాకా ఉంది. చెప్తాను.

1916లో పుట్టారు. నాటకంలో కపిలవాయి రామనాథశాస్త్రి శిష్యులు. మొదట్లో ఆడవేషాలు కట్టారు. ఆనాటి పద్యనాటకాల ముచ్చట ఇక్కడున్న పెద్దలకు నాకంటే బాగా తెలుసు. ఒక్కో పద్యానికి పావుగంట రాగం తీసే ఆ పోటీలంటే నాకు మొదటినుంచీ విసుగు. దాటేస్తాను.

నేను ఏళ్ల తరబడి కాగితాలు తిరగేసింది 1943 తర్వాతి అయిదారేళ్ల గురించి. అప్పుడే ప్రజానాట్యమండలి అనే నాటక సంస్థ పుట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాని ప్రాణం. తెరలు, కిరీటాలు మోసుకుపోయే నాటకం కాదిది. తంబురా, డక్కీలతో షేక్ నాజర్ బుర్రకథ దళం ఊరి నడుమ నిలబడితే అదే రంగస్థలం. మిక్కిలినేని అందులో చేరడమే కాదు, భార్య సీతారత్నాన్ని కూడా వేదిక ఎక్కించారు. ఒకప్పుడు తానే చీర కట్టి ఆడినవాడు, ఆడవేషం ఆడమనిషే కట్టాలన్నాడు. పరువుగల ఇంటి ఆడవాళ్లు రంగం ఎక్కడమా అని ఊళ్లు ముక్కున వేలేసుకున్న రోజులవి. ఆయన జీవితంలో ఇంతకంటే పెద్ద సాహసం నాకు కనబడలేదు. ఆయన జైలుకు కూడా పోయారు, కాని నా లెక్కలో సాహసంగా అది దీని తర్వాతే.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 'మా భూమి' రాశారు. కథ తెలంగాణ రైతులది, మండలి దాన్ని ఆడింది ఎక్కువగా కోస్తా ఊళ్లలో. ఇక్కడ సభ పెట్టాలంటే నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిశాన్ 53 అడ్డం. అక్కడేమో మద్రాసు ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది.

ఇక్కడ కొంచెం ఆగాలి, క్షమించండి. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమా ఈ నాటకం నుంచే వచ్చిందని రాసే పరిశోధకులున్నారు. పేరు ఒకటైతే కథ ఒకటవుతుందా? సినిమాకు ఆధారం కిషన్‌చందర్ ఉర్దూ నవల. పుస్తకం తెరిచి రెండు పేజీలు చదివితే తేలిపోయే సంగతి ఇది. ఒక సెమినార్‌లో నేనిది చెబితే, "ఏదైతేనేం, రెండూ తెలంగాణ రైతుల పోరాటం గురించే కదా" అన్నారొక ఆచార్యులు. ఏదైతేనేమిటి! సుంకర, వాసిరెడ్డిలది వారికివ్వాలి, కిషన్‌చందర్‌ది ఆయనకివ్వాలి.

అంతకన్నా పెద్ద తగువు ఇంకొకటి. ప్రజానాట్యమండలి రాకముందు తెలంగాణ పల్లెలో రంగస్థలమే లేదంటారు. చిన్నప్పుడు ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో పెట్రోమాక్స్ వెలుతురులో తెల్లారేదాకా చిందు భాగవతం చూసినవాణ్ని నేను. ఆ ఆటలో మొగుడూ పెళ్లాం, పిల్లలూ అందరూ వేషగాళ్లే. ఆడది వేదిక ఎక్కడం వాళ్లకు విప్లవం కాదు, బతుకుదెరువు. మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టి మెప్పించింది. కోస్తాలో మిక్కిలినేని దంపతులు మాటలు పడి సాధించింది, ఇక్కడ మాదిగవాడల ముందు తరాలుగా జరుగుతూనే ఉంది. దాన్ని నాటకంగా లెక్కపెట్టకపోవడం మన చదువుకున్నవాళ్ల లోపం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సినిమాల సంగతి గబగబా చెప్తాను. 1951లో 'దీక్ష'తో మొదలు. 'మాయాబజార్'లో కర్ణుడు మిక్కిలినేనే. తర్వాత వందల సినిమాలు. చాలావాటిలో ఆయన ప్రతిభకు తగిన పని లేదని నా అభిప్రాయం. 1982లో కళాప్రపూర్ణ గౌరవం. 2011 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

అసలు మాట పుస్తకాలది. తోటి నటుల బతుకులు 'నటరత్నాలు'గా రాశారు. 'తెలుగువారి జానపద కళారూపాలు' అన్న పెద్ద గ్రంథంలో మన చిందు భాగవతానికి చోటిచ్చారు. బస్టాండు మిత్రుడికి నా జవాబు అదే. తెరమీద పేరున్న నటుడు ఎంతమంది పేరులేని నటుల కోసం కూర్చుని రాశాడు?

ఆయన రాయగా మిగిలినవాళ్లు మన మండలాల్లో ఉన్నారు. మీ ఊరికి ఆటకొచ్చిన చిందు వేషగాళ్ల పేర్లు మీ ఇంట్లో పెద్దలకు గుర్తుంటే, ఏ వేషం కట్టేవారో కూడా అడిగి, ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.