పేరొకటి, పుస్తకములు నాలుగు

(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేటా ఈ సభలో చదువును గూర్చి, నడవడిని గూర్చి మాట్లాడుట మాకు అలవాటు. ఈసారి మీ బిడ్డల పేర్లను గూర్చి మాట్లాడవలసి వచ్చినది.

బిడ్డ బడిలో చేరిననాడు ఆ పేరు మొదట మా ప్రవేశ రిజిస్టరులో ఎక్కును. పూర్వము ఆ రిజిస్టరు మా బీరువాలోనే ఉండెడిది. టి.సి. ఇచ్చిననాడు తప్ప ఆ పేరునకు ప్రయాణము లేదు. ఇప్పుడట్లు కాదు. అది రాష్ట్ర విద్యాశాఖవారి ఎస్.ఎ.టి.ఎస్. పట్టికలోనికిని, కేంద్రప్రభుత్వమువారి యూడైస్ ప్లస్ పట్టికలోనికిని పోవుచున్నది. ఈ రెండవదానికి ఒకప్పుడు బడి మొత్తపు లెక్కలు మాత్రమే పంపెడివారము. 2022-23 మొదలు ఒక్కొక్క బిడ్డ వివరము వేరుగా పంపవలెను.

మీరు విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టినప్పుడు జరుగునది వినుడు. రాష్ట్ర విద్యార్థి వేతన పోర్టలు, బడి వివరములను ఎస్.ఎ.టి.ఎస్. సంఖ్యను బట్టి తెచ్చుకొనును. కులము, ఆదాయము నాడకచేరివారు ఇచ్చిన పత్రముపైనున్న ఆర్.డి. సంఖ్యను బట్టి తెలిసికొనును. పేరును ఆధారుతో సరిచూచును. డబ్బు ఆధారుతో కలిసిన బ్యాంకు ఖాతాకే చేరును. నాలుగు చోట్లను ఒక దారముతో కట్టినారన్నమాట. దారము మంచిదే, మీకు కాళ్ళరుగుట కొంత తగ్గినది. కాని దారమునకు కన్నులు లేవు. అక్షరమునకు అక్షరము కలియనిచో అది అక్కడనే ఆగిపోవును.

ఇందులో మన తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు గలదు. మనము ఇంటిపేరు ముందు పెట్టుదుము. ఈ ప్రాంతమున తండ్రిపేరు మొదటి అక్షరమును చివర పెట్టుట ఆచారము. ఒకే బాలుడు ఒకచోట కె. వెంకటేశ్, మరొకచోట వెంకటేశ్ ఎన్. అగుచున్నాడు. ఇంగ్లీషులో 'గీత'కు చివర టి.ఎ. అని కొందరు, టి.హెచ్.ఎ. అని కొందరు వ్రాయుదురు. 'లక్ష్మి'కి ఒకచోట కె.ఎస్.హెచ్., మరొకచోట ఎక్స్. మన చెవికి ఒకే పేరు; యంత్రమునకు ఇద్దరు మనుష్యులు.

క్రిందటి సంవత్సరము మా ఏడవ తరగతి బాలిక ఒకతెకు వేతనము రాలేదు. తండ్రి విమానాశ్రయమున సామాను మోయువారు. మూడు దినముల కూలి విడిచి కచేరీల చుట్టు తిరిగినారు. తీరా చూడగా తప్పు మా రిజిస్టరులోనిదే. చేర్చుకొన్ననాడు తొందరలో మేమే ఒక అక్షరము జారవిడిచితిమి. ఆయన మమ్ము ఒక్క మాట అనలేదు. అనినను బాగుండెడిది.

కనుక జనన పత్రము, ఆధారు, నాడకచేరి పత్రము, బ్యాంకు పుస్తకము ఒకచోట పరచి చూడుడు. తప్పు ఎక్కడ పుట్టినదో అక్కడనే దిద్దించుడు. ఆధారులో తప్పుండగా మా రిజిస్టరును మార్చుమని కోరవద్దు. ఒక తప్పు రెండగును. ఖాతా ఉన్నంత మాత్రమున చాలదు, అది ఆధారుతో కలిసినదా అని బ్యాంకులో అడుగుడు.

ఇక మాతృభాష గడి. "కన్నడమని వ్రాయుడు సార్, ఏ చిక్కు ఉండదు" అని కొందరు చెప్పుచున్నారు. కన్నడము మన బిడ్డలకు అన్నము పెట్టు భాష. దానిని శ్రద్ధగా నేర్పుచున్నాము. అయినను ఇంటిలో తెలుగు మాట్లాడు బిడ్డకు ఆ గడిలో తెలుగనియే ఉండవలెను. 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు, బడిలో 40 మందియో తరగతిలో 10 మందియో ఉన్నచో మాతృభాషలో బోధింపవలెనని తీర్మానించిరి. 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. హక్కు పుస్తకములో ఉన్నది. లెక్క గడిలో ఉన్నది. గడి మారినచో అడుగుటకు మనకు నోరుండదు.

అపార్ సంఖ్యకు మీ సమ్మతి పత్రము కావలెను. మన ఊరి విమానాశ్రయమున 2022 డిసెంబరు 1 నుండి డిజి యాత్ర ఉన్నది. ముఖము చూపి లోనికి పోవచ్చును, ఇష్టము లేనివారు కాగితము చూపియు పోవచ్చును. ఇదియు అట్టిదే, ఐచ్ఛికము. చదివి, తెలియనిది మమ్మడిగి, పిమ్మట సంతకము చేయుడు. చేయని కారణమున ఏ బిడ్డను మేము తక్కువగా చూడము.

వచ్చు నాలుగు శనివారములు బడి విడిచిన తరువాత ప్రవేశ రిజిస్టరును బల్లపై తెరచి ఉంచెదము. తండ్రులకు తీరిక లేనిచో తల్లులు రండి. మీ బిడ్డ పేరు మీరే చదివి చూడుడు.