రక్తము చెప్పు సాక్ష్యము



భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో ఫిస్కేగారితో కలసి, రక్తమూత్రములందలి భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నాడు కొలిచినది ఒక్క పదార్థము. నేడు కొద్దిపాటి రక్తమునుండి వందలకొలది జీవక్రియాపదార్థములను యంత్రములు ఒకేసారి కొలుచుచున్నవి.

దీనివలన లాభమేమందురా? అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ వాసులను 12 ఏండ్లు పరిశీలించి, 2011లో పరిశోధకులు ఒక సంగతి వెల్లడించిరి. మాంసకృత్తులకు మూలమైన అయిదు అమైనో ఆమ్లములు రక్తమున అధికముగా నున్నవారికి, చక్కెర పరిమాణము అప్పటికి సరిగానే యున్నను, తరువాత మధుమేహము వచ్చు అవకాశము హెచ్చట! వ్యాధికంటె ముందే సాక్షి పలికినాడన్నమాట.

అయితే ఆ సాక్షి చపలుడు. తిన్న తిండినిబట్టి మాట మార్చును. కావుననే వైద్యులు పరగడుపున రమ్మందురు. కలకత్తాలో రసగుల్లా దుకాణము దాటి పరీక్షకు పోవుట ఎంత కష్టమో నే నెరుగుదును.