మోటారు పడవ యిరుసు: దోషనిదానము



మంజీరా తీరమందలి డోంగ్లి సీమవారికి మోటారు పడవ యిరుసును గూర్చిన ప్రసంగమేల యని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. మన యేటికి వేసవిలో ఇసుకమేటలు, వానకాలమున వెల్లువలు. 1931లో పూర్తియైన నిజాముసాగరమున జాలరుల పడవలు మనము చూచుచుందుము గాని, మోటారు పడవలతో మనకు నిత్యసంబంధము తక్కువ. అయినను ఇరుసు మనకు క్రొత్త వస్తువు కాదు. బండియిరుసు మన తాతలు ఎరిగినదే. ఏటినుండి పొలమునకు నీరెక్కించు ఆయిలింజనును పంపుతో కలుపు షాఫ్టును మనమెల్లరము చూచినదే. పడవ యిరుసును ఆ జాతిలోనిదే.

ఇంకొక కారణము కలదు. మన యిండ్లవారు గోదావరిపై పాపికొండలు చూడబోవుదురు; నాగార్జునసాగరమున లాంచీ యెక్కి నాగార్జునకొండకు పోవుదురు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరు సమీపమున యాత్రికుల లాంచీ మునిగి పలువురు మరణించిరి. మృతులలో తెలంగాణమువారును ఉండిరి. ఆ ప్రమాదమును నేను షాఫ్టునకు అంటగట్టుట లేదు. వరదనీటిలో పడవకు స్వాధీనము తప్పిన యెడల నది యెంత నిర్దయయో తెలియుటకే దానిని స్మరించితిని. ఆ స్వాధీనమునకు రెండు ఆధారములు: ఒకటి చుక్కాని, రెండవది షాఫ్టు. నేను మొదట ఆయిలింజనులను, పిమ్మట ప్రాత మోటారు పడవలను బాగుచేయుచు వచ్చినవాడను గనుక, రెండవదానిని గూర్చి నేర్చినది మీకు విన్నవించెదను.

నీటిని తోడుటకు మరచుట్టు యంత్రము ప్రాచీనకాలముననే కలదు; దానిని ఆర్కిమిడీసు పేరుతో పిలుతురు. అదే మరను నీటిలో త్రిప్పి పడవను ముందునకు నెట్టవచ్చునన్న తలంపు పందొమ్మిదవ శతాబ్దమున ఫలించినది. 1827లో ఆస్ట్రియా దేశమున జోసెఫు రెస్సెలు దీనికి పేటెంటు పొందెను. 1836లో ఇంగ్లండున ఫ్రాన్సిసు పెటిటు స్మిత్తు, జాను ఎరిక్సను అనువారు వేర్వేరుగా పేటెంటులు పొందిరి. 1845లో బ్రిటిషు నౌకాదళమువారు మరచక్రముగల రాట్లరు అను ఓడను, ప్రక్కచక్రములుగల అలెక్టో అను ఓడను వెనుకకు వెనుక కట్టి లాగించిరి. రాట్లరు గెలిచినది. ఇట్టి ఓడలలో బలమంతయు ఒక పొడుగు కడ్డీద్వారా నీటిని చేరును.

1922లో అమెరికాలో రాల్ఫు శామ్యూల్సను అను యువకుడు పెపిను సరస్సున, పడవ లాగుచుండగా కాళ్లకు చెక్కలు కట్టుకొని నీటిపై జారెను. తరువాత ఆ యాటకొరకే చిన్న వడిగల పడవలు పుట్టినవి. వీనిలో పెక్కింటికి ఇంజను పడవ నడుమనే యుండును. షాఫ్టు ఏటవాలుగా అడుగును చీల్చుకొని వెలికి వచ్చును. ఇట్టి పడవ ముప్పది, నలుబది యేండ్ల ప్రాయమునకు వచ్చి చేతులు మారుచుండగా షాఫ్టు వ్యాధులు బయలుదేరును. నిదానము లాంచీకిని దీనికిని ఒక్కటియే.

ముందుగా అవయవములను తెలిసికొందము. ఇంజను వెనుక గేరుపెట్టె. దాని తుదను ఒక లోహపుబిళ్ల. షాఫ్టు మొదటను అట్టిదే మరియొక బిళ్ల. రెంటిని బోల్టులతో బిగింతురు, ఇదియే కప్లింగు. అచ్చటినుండి షాఫ్టు గ్లాండులో దూరి పడవ వెలుపలికి పోవును. నీరు లోనికి రాకుండ గ్లాండులో క్రొవ్వు పట్టించిన నారత్రాడు కూరుదురు. మన పంపుల గ్లాండు ప్యాకింగు వంటిదే. వెలుపల అడుగునుండి వ్రేలాడు లోహపుచేతిలో రబ్బరు బేరింగు షాఫ్టును మోయును. దానికి నూనె అక్కరలేదు, నీరే కందెన. తుదను ప్రొపెల్లరు. దానిని షాఫ్టుతో బంధించునది కీ అను చిన్న లోహపు ముక్కయు, ఒక నట్టును.

వ్యాధి లక్షణములు నాలుగు: అదురు, చప్పుడు, గ్లాండు వేడి, నీటికారు. ఇవి కనబడగానే పెక్కురు గ్లాండును మరికొంత బిగింతురు, లేదా ప్రొపెల్లరును మార్తురు. అది నాడి చూడక మందిచ్చుటవంటిది. పరీక్షకు ఒక క్రమము కలదు. ఖర్చు లేనిది మొదట, ఖర్చుగలది కడపట.

మొదటి పరీక్ష చెవితోను, చేతితోను. పడవను గట్టుకు గట్టిగా కట్టి, గేరు వేయక ఇంజను వేగమును మెల్లగా పెంచుడు. అప్పుడును అదిరినచో దోషము ఇంజనులోనో, దాని పాదములలోనో యుండును; షాఫ్టు జోలికి పోనక్కరలేదు. గేరు వేసినపుడు మాత్రమే అదిరినచో దోషము గేరుపెట్టెకు వెనుక ఉండుట సంభావ్యము. ముందుగేరునుండి వెనుకగేరునకు మార్చునపుడు టక్కుమని దెబ్బవంటి చప్పుడు వచ్చినచో కీ గాని, నట్టు గాని, కప్లింగు గాని వదులైనదని గ్రహింపవలెను. ఇంజను గిర్రున తిరుగుచున్నను పడవ కదలనిచో కీ తెగియుండవచ్చును.

రెండవ పరీక్ష ఒడ్డున. బ్యాటరీ తీగ విప్పుడు. ఇంజను ఎవ్వరును త్రిప్పలేరని నిశ్చయమైన తరువాతనే చేయి పెట్టుడు. ప్రొపెల్లరు రెక్కలను తడిమి చూడుడు: అంచు చిట్లినదా, ఒక రెక్క వంగినదా? బేరింగువద్ద వల నూలుగాని, నైలాను దారముగాని, గుర్రపుడెక్క వేళ్లుగాని చుట్టుకొన్నవా? పెక్కు మారులు రోగమంతయు ఆ దారపు చుట్టలోనే యుండును. కత్తితో కోసినచో తీరిపోవును. తరువాత షాఫ్టును పట్టి పైకి, క్రిందికి కదిలించుడు. అంగుళము లావుగల షాఫ్టు బేరింగులో అంగుళమున పదునారవ వంతు ఆడినచో బేరింగు మార్పవలసినదే.

పిమ్మట గేరు లేకుండ ప్రొపెల్లరును చేతితో మెల్లగా త్రిప్పుడు. చుట్టంతయు ఒకే విధముగా బిగువుగా ఉన్నచో గ్లాండు అతిగా బిగిసినదో, వరుస తప్పినదో అని యనుమానింపుడు. చుట్టులో ఒక్కచోటనే పట్టి, తక్కినచోట్ల వదలుచున్నచో షాఫ్టు వంగినదనుటకు అది మంచి సూచన. బండిచక్రము వంకరను మన వడ్రంగి ఎట్లు చూచును? ఒక పుల్లను కదలకుండ పాతి చక్రమును త్రిప్పును. పుల్లకు చక్రమునకు నడుమ సందు మారుటను కనిపెట్టును. షాఫ్టునకును ఆ యుపాయమే చెల్లును. సూక్ష్మముగా కొలుచుటకు మెకానిక్కులవద్ద డయలు గేజి యుండును.

ఒడ్డున నున్నప్పుడు ఇంజను నడిపి షాఫ్టును త్రిప్పరాదు. నీరు లేక రబ్బరు బేరింగు కాలిపోవును. నీరులేని బోరులో మోటారు నడిపిన ఫలితము ఎట్టిదో మీకు తెలియును.

మూడవ పరీక్ష కప్లింగుది. ఇది నీటిలోనే చేయవలెను. ఒడ్డున దిమ్మలపై కూర్చున్న పడవ ఆకృతి వేరు. నీటిలో తేలునపుడు ఆకృతి వేరు. ఒడ్డున సరిచేసిన వరుస నీటిలో చెడిపోవును. అందుచేత పడవను నీటిలో దింపి, ఒక దినము నిలిపి, తరువాత బోల్టులు విప్పి, రెండు బిళ్లలను తాకునంతగా దగ్గరకు చేర్చి, పైన, క్రింద, కుడి, ఎడమ నాలుగు చోట్ల ఫీలరు గేజి రేకులను దూర్చి సందు కొలువవలెను. నాలుగంగుళముల బిళ్లకు, హెచ్చు సందునకును తగ్గు సందునకును గల భేదము అంగుళమున వేయింట నాలుగు భాగములకు మించరాదు.

భేదము మించినదనుకొందము. దోషము ఇంజనుదా, షాఫ్టుదా? ఇంజను బిళ్లను కదల్పక, షాఫ్టు బిళ్లను మాత్రము పావుచుట్టు త్రిప్పి మరల కొలువుడు. వెడల్పు సందు మొదట ఉన్నచోటనే నిలిచినచో ఇంజను ఒరిగినది, పాదములను సరిచేయవలెను. సందు బిళ్లతోకూడ చుట్టు తిరిగినచో షాఫ్టు వంగినది, లేదా షాఫ్టు బిళ్ల ముఖము సమముగా లేదు. ఈ యొక్క పావుచుట్టు పరీక్ష వలన ఎందరికో వేల రూపాయలు మిగులును. పంపుసెట్టున కప్లింగు రబ్బరులను మాటిమాటికి నమలివేయు ఇంజనులకును ఇదే పరీక్ష పనికివచ్చును.

ఒక దృష్టాంతము చెప్పెదను. ఒక జలాశయమున ప్రాత లాంచీ యొకటి. యజమాని అప్పటికే ప్రొపెల్లరు మార్చెను, గ్లాండును ముమ్మారు బిగించెను. అదురు తగ్గలేదు, నీటికారు హెచ్చినది. గేరు లేనపుడు ఇంజను నెమ్మదిగానే తిరిగినది. చేతితో త్రిప్పగా షాఫ్టు ఒక్కచోట పట్టలేదు, అంతటను బిగువే. కప్లింగు కొలువగా సందు క్రిందివైపు వెడల్పు. షాఫ్టు బిళ్లను త్రిప్పినను ఆ సందు క్రిందనే నిలిచినది. అనగా షాఫ్టు నిర్దోషి. ఇంజను వెనుకవైపు క్రుంగినది. ఏల క్రుంగెను? వెనుక పాదముల క్రింది మ్రానులో కొడవలి మొన గ్రుచ్చగా మెత్తగా దిగినది. గ్లాండు నీరు ఏండ్ల తరబడి కారి మ్రానును పుచ్చజేసెను. మ్రాను పుచ్చి ఇంజను క్రుంగెను. ఇంజను క్రుంగి షాఫ్టు వరుస తప్పెను. వరుస తప్పి గ్లాండు మరింత కారెను. కారణము కార్యమై, కార్యము మరల కారణమైనది.

అంతకంటె భయంకరమైనది మరియొకటి కనబడినది. షాఫ్టును తన బిళ్లలో బంధించు మరలు రెండును అదురువలన వదులైయుండెను. ముందునకు పోవునపుడు ప్రొపెల్లరు షాఫ్టును లోనికి నెట్టును గనుక ప్రమాదము తెలియదు. వెనుకగేరు వేసినపుడు అది షాఫ్టును వెలికి లాగును. బిళ్ల వదలినచో షాఫ్టు జారిపోవును. పడవ అడుగున షాఫ్టు రంధ్రము తెరచుకొని నీరు చిమ్మును. రేవు చేరునపుడు వెనుకగేరు వేయక తప్పదు. లాంచీ నిండ జనముండునదియు అప్పుడే. యజమాని జాతరదినములు దాటనిమ్మని కోరెను. దాటనీయరాదని చెప్పితిని. ఆయనకు కోపము వచ్చినది, జాతర రాబడి పోయినది. మ్రాను మార్చి వరుస సరిచేసినపిమ్మట లాంచీ అదురు లేక నడిచినది, గ్లాండు చల్లబడినది.

ఇట్టి యాపదకు చౌక రక్షణ యొకటి కలదు. పడవ లోపల, గ్లాండునకు ముందు, షాఫ్టునకు గట్టి పట్టీ బిగించుడు. బిళ్ల వదలినను ఆ పట్టీ గ్లాండునకు తగిలి షాఫ్టును పోనీయదు. కప్లింగు మరలు వదులుకాకుండ తీగతో ముడివేయుడు. రంధ్రమునకు సరిపడు కొయ్య బిరడా యొకటి, గుడ్డపేలికలతో సహా పడవలోనే యుంచుడు.

గ్లాండును గూర్చి ఒక్కమాట. షాఫ్టు తిరుగునపుడు నిమిషమునకు నాలుగైదు చుక్కలు కారుట దోషము కాదు. ఆ నీరే దానిని చల్లబరచును. చుక్క కూడ రాకుండ బిగించినచో నారత్రాడు కాలి షాఫ్టుపై గాడి పడును. చేయి పెట్టలేనంత వేడియెక్కినచో వెంటనే వదులు చేయవలెను. ఎంత బిగించినను నీరు ధారగా వచ్చినచో షాఫ్టు అరిగినదనియో, ఊగుచున్నదనియో తెలిసికొని పై పరీక్షలకు పోవలెను. వంగిన షాఫ్టును సరిచేయించుట తోడనే పని ముగియదు; వంచినది రాయియా, వంగిన లోహపుచేయియా, క్రుంగిన ఇంజనా అని తేల్చుకొనక క్రొత్తది వేసినచో అదియును ప్రాతదాని దారినే పట్టును.

పెద్దలగు మీరు మరమ్మతు చేయనక్కరలేదు. కాని లాంచీ యెక్కునపుడు చెవియొగ్గుడు. గేరు వేయగానే అడుగుపలకలు దడదడ అదిరినను, అడుగున నీరు నిలిచియున్నను, నడుపువానిని కారణమడుగుడు. సరియైన సమాధానము రానిచో పిల్లలను దింపి వేరు పడవ చూచుకొనుడు. తీర్థయాత్ర ఒక దినము ఆలస్యమైనను ఇంటికి చేరుదుము. ఊరిలో ఎవరైనను ప్రాత మోటారు పడవ కొనదలచినచో, బేరమాడుటకు ముందు పాదముల క్రింది మ్రానును గ్రుచ్చి చూడుమని, కప్లింగును నీటిలో కొలిపించుమని చెప్పుడు. ఆ రెండింటికి ఒప్పుకొనని అమ్మకందారునివద్ద కొనవలదని కూడ చెప్పుడు.

ఇక సెలవు.