పిడికెడు బియ్యం

కాజీపేటలో విజయవాడ బండి ఎక్కితే మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం లైను చీలేది అక్కడే. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఆ ఊరు మన వరంగల్ జిల్లాదే. బండి ఆగిన కాస్త సేపట్లో టీ తాగి ఎక్కేస్తాం గాని, మనిషి బతుకు విలువెంత అన్న లెక్క వందేళ్ల కింద అక్కడే తిరగరాశారని ఎందరికి గుర్తు?

రాసినాయన తమిళుడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి సీమలో, ఒక పల్లె పాస్టరు ఇంట్లో పుట్టారు. వాళ్లది నాడార్ కులం. ఒకప్పుడు వాళ్లను గుళ్లలోకి రానిచ్చేవారు కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని పని మీద 1909లో అజరయ్య డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయారు.

మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. తెల్లదొరల నిండు సభలో ఆయన అడిగింది నిధులు కాదు, స్నేహం. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితులు కావాలి అన్నారు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. దానం చేసే చేతికి సమానంగా కూర్చోమంటే కష్టమే మరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనే.

ఆయన సంఘంలో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ పేటలవాళ్లు. వెట్టికి పిలిస్తే పోవాలి, గింజలు కొలిచిపోస్తే తినాలి. అలాంటివాళ్లను దేవుని పోలికలో పుట్టినవాళ్లనడం పాదిరీలందరూ చేసేదే. అజరయ్య ఇంకో అడుగు వేశారు: మీరూ ఇవ్వండి అన్నారు. సువార్తలో తనకున్నదంతా కానుకగా వేసిన పేద విధవరాలి రెండు కాసులు ఆయనకు ఉత్త కథ కాదు. వంటకు బియ్యం కొలుచుకున్న ఇల్లాలు అందులోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆ కుండ చర్చికి చేరేది. లేనివాళ్ల దగ్గర లాక్కోవడం కాదా అని నాకూ అనిపించింది. కాని పుచ్చుకోవడమే తప్ప ఇచ్చే హక్కు ఎరగని మనిషికి ఆ పిడికెడు ఏమిటో కడుపు నిండినవాళ్లం మనం తూచలేం.

గాంధీజీకి ఈ సామూహిక మతమార్పిళ్లు నచ్చలేదు. మతాలను బేరీజు వేసుకునే జ్ఞానం హరిజనులకు లేదని ఆయన వాదం. ఉందని అజరయ్య నమ్మకం. అలాగని చేరినవాళ్ల సంఖ్యను రాజకీయ బలం చేసుకోవాలని అజరయ్య చూడలేదు; క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు.

1939లో డోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుడి, మసీదు, చర్చి, మూడింటి పోకడలూ అందులో కనిపిస్తాయి. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూసే నాటికి ఆయన బిషప్‌గా ఉన్న అధ్యక్ష మండలంలో విశ్వాసులు 2 లక్షలు దాటారు.

ఆ పిడికెడు బియ్యం లాంటిదే, మన పల్లె చర్చిల్లో కోతకాలపు పండుగ చూశారా? బల్ల మీద వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. ఆరాధన అయ్యాక వేలం. సంతలో ఇరవై రూపాయల సొరకాయ పాట పెరిగి పెరిగి ఐదు వందలకు పోతుంది. పాడుకున్నాయన డబ్బు కట్టి, కాయను మళ్లీ బల్ల మీదే పెడతాడు. పాట మళ్లీ మొదలవుతుంది.