శెనక్కాయ మూటల వెనకే చుంచెలుక

శెనక్కాయలు పీకి, మూటలు ఇంటికి చేర్చారు కదా. వాటి వెనకే చుంచెలుక కూడా వస్తుంది. పందికొక్కు అనుకునేరు! నేను చెప్పేది పిడికిట్లో పట్టే బుల్లిదాని సంగతి.

మన కర్నూలు, కడప ఎండలకు నీళ్లు లేక చస్తుందిలే అనుకోవద్దు. తినే గింజలోని తడితోనే చాలావరకు గడుపుకుంటుంది. కడుపుతో ఉండేది మూడు వారాలే. ఒక్క ఈతకు ఐదారు పిల్లలు.

ఎక్కడినుంచి వస్తుంది? బండల సందుల్లోంచి. పెన్సిలు దూరేంత సందు చాలు. రాత్రి టార్చిలైటు వేసి, వంటింట్లో బండల అరలు గోడను తాకే చోట చూడండి. బియ్యపు గింజంత నల్లటి పెంటికలు కనిపిస్తే అదే దాని దారి. ఆ సందులో గిన్నెలు తోమే ఇనుప పీచు కూరి, పైన సిమెంటు మెత్తండి. గుడ్డలు కుక్కితే కొరికేస్తుంది. సందు మూయడం ముందు, బోను తర్వాత.

మూటలు చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. బోను మాత్రం గోడ వారనే. చుంచు గోడనంటుకునే పరిగెత్తుతుంది మరి. ఒక్క బోను చాలదు, నాలుగు పెట్టండి.

ఎలుకల పేస్టు జోలికి పోవద్దు. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. పసుపు భాస్వరం కలిపిన పేస్టుకు విరుగుడు మందు లేదు. పొరపాటున నోట్లో పడితే, బాగానే ఉన్నాడు కదా అని ఆగకండి. మొదటి రోజు మామూలుగానే ఉండి, తర్వాత కాలేయం దెబ్బతినవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ పేస్టు డబ్బా కూడా వెంట పట్టుకుపోండి.